వాన వస్తుందన్నారు, రాలేదేం?

సైకిలు మీద బడికి వెళ్ళేవాళ్ళకు వాతావరణ సూచనను గురించి

వాన వస్తుందన్న రోజున రాదు. రాదన్న రోజున పుస్తకాల సంచితో సహా తడిపేస్తుంది. సైకిలు మీద బడికి వెళ్ళేవాళ్ళలో ఈ మాట అననివాళ్ళు ఉండరు. "వాతావరణ శాఖవాళ్ళు చెప్పినదాన్ని తిరగేసుకుంటే సరిపోతుంది" అని పెద్దవాళ్ళు కూడా వేళాకోళం చేస్తూ ఉంటారు. మీరూ నవ్వే ఉంటారు.

ఈ వేళాకోళంలో నిజమెంతో కొలిచి చూద్దామా? సైన్సు చదివేవాళ్ళు నవ్వి ఊరుకోకూడదు గదా!

కొలవటానికి మనకొక దారి కావాలి. గోదావరి డెల్టాలో, ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం వెళ్ళే దారి తీసుకుందాం. భీమేశ్వరస్వామి గుడి వల్ల ద్రాక్షారామం పేరు మీరు వినే ఉంటారు. పంచారామాల్లో అదొకటి. అక్కడినుంచి రామచంద్రపురం ఆరేడు కిలోమీటర్లు. సైకిలు మీద సుమారు అరగంట. ఎత్తుపల్లాలు లేని నేల కాబట్టి తొక్కటానికి హాయిగా ఉంటుంది. కాని చుట్టూ వరిచేలు, కాలువలు. నడిదారిలో వాన పట్టుకుంటే తలదాచుకునే చోటు వెతుక్కోవాలి. ఆ దారిన రోజూ బడికి పోయి వచ్చేది మీరేననుకోండి.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఎన్ని చోట్ల?

"కోస్తా ఆంధ్ర, యానాంలలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చు." ఇటువంటి వాక్యం రేడియోలోనో టీవీలోనో వందసార్లు విని ఉంటారు. ఏదో తప్పించుకోవటానికి చెప్పినట్టుగా ఉంటుంది. నిజానికి ఇందులో ప్రతి ముక్క వెనకా ఒక కొలత ఉంది.

మొదటిది ప్రదేశం. కోస్తా ఆంధ్ర, యానాం కలిపి ఒక వాతావరణ విభాగం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న తీరమంతా ఇందులోకి వస్తుంది. ఈ విభాగంలో వాన కొలిచే కేంద్రాలు అనేకం ఉన్నాయి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ కేంద్రాల్లో నూటికి 25 దాటకుండా వాన పడుతుందని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75. అంతకు మించితే దాదాపు అన్ని చోట్లా పడుతుందన్నమాట.

రెండోది మోతాదు. నాలుగు చినుకులు రాలితే వాతావరణ శాఖ లెక్కలో అది వాన రోజు కాదు. 24 గంటల్లో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. "భారీ వర్షం" అంటే 64.5 మిల్లీమీటర్లు, ఆపైన. అది 115.6 కి చేరితే "అతి భారీ". 204.4 దాటితే "అత్యంత భారీ". "నిన్న మా ఊళ్ళో భారీ వర్షం!" అని మనం అన్న చాలా వానలు కొలిస్తే ఇందులో మొదటి మెట్టు కూడా ఎక్కవు.

మూడోది కాలం. మన దేశంలో వాన లెక్క ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. సరిగ్గా మీరు సైకిలెక్కే వేళకే ఒక రోజు వాన ఖాతా మూసి, ఇంకొక రోజు ఖాతా తెరుస్తారన్నమాట! అర్ధరాత్రి మీరు గాఢనిద్రలో ఉండగా కురిసి వెలిసిన వాన కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. పొద్దున లేచి, పొడిగా ఉన్న అరుగు చూసి, "చెప్పిన వాన రాలేదే!" అంటాం.

ఇప్పుడు మీ దారికి వద్దాం. మీరు రోడ్డు మీద ఉండేది పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. 24 గంటల్లో ఒక్క గంట. ఒకటి రెండు చోట్ల వాన అన్న రోజున మీ ఊళ్ళో వాన పడే అవకాశమే నాలుగింట ఒక వంతుకు మించదు. పడినా మీరు సైకిలు మీద ఉన్న ఆ ఒక్క గంటలోనే పడాలని లేదు. అంచేత ఆ సూచన అక్షరాలా నిజమైన రోజుల్లో కూడా చాలాసార్లు మీరు తడవకుండానే ఇల్లు చేరతారు. సూచన తప్పలేదు. అది మీ దారిని గురించి, మీ అరగంటను గురించి చెప్పనే లేదు.

మబ్బు చిన్నది, గడి పెద్దది

"మరి మా దారిని గురించే చెప్పవచ్చుగా?" అని మీరు అడగవచ్చు. చెప్పాలనే వాళ్ళ ప్రయత్నం కూడా. ఇప్పుడు జిల్లాలవారీగా సూచనలు వస్తున్నాయి. అయినా చిక్కు ఎక్కడుందో చూడండి.

వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కకట్టేటప్పుడు భూమి మీది గాలినంతా గ్రాఫు కాగితంలాగా గళ్ళుగా విడగొడతారు. ఒక్కొక్క గడికి ఒక వేడిమి, ఒక తేమ, ఒక గాలి వేగం. ఆ గాలి పది నిమిషాల తరవాత, గంట తరవాత, రేపు, ఎల్లుండి ఎలా ఉంటుందో భౌతికశాస్త్ర సూత్రాలను బట్టి లెక్కవేసుకుంటూ పోతారు. మన దేశంలో ఈ గడి పక్క చాలాకాలం 12 కిలోమీటర్లుగా ఉండేది. 2025 మే నెలలో ప్రారంభించిన "భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్" లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది.

12 కిలోమీటర్ల గడి అంటే ద్రాక్షారామం, వేగాయమ్మపేట, రామచంద్రపురం అన్నీ ఒక్క గడిలో ఇమిడిపోవచ్చు. అన్నిటికీ కలిపి ఒకే అంకె! 6 కిలోమీటర్ల గడి అయితే మీ దారి పొడుగంతా కలిపి ఒక గడి. వేసవి చివర మధ్యాహ్నాలు లేచే ఉరుముల మబ్బు చూశారా? దాని అడ్డుకొలత కొద్ది కిలోమీటర్లే. పుట్టి, పెరిగి, కురిసి, చెదిరిపోవటానికి ఒక్కొక్క మబ్బుకు ఒక గంట చాలు. పెద్ద కన్నాల వలలో చిన్న చేపలు ఆగనట్టుగానే ఈ గళ్ళలో అంత చిన్న మబ్బు సరిగా చిక్కదు. రామచంద్రపురంలో రోడ్డు మీద నీళ్ళు పారుతూ ఉంటే ద్రాక్షారామంలో వడియాలు ఎండుతూ ఉండటం అందుకే.

పోనీ, పుట్టిన మబ్బునైనా చూడలేమా? చూడవచ్చు, రాడార్‌తో. రాడార్ పంపే రేడియో తరంగాలు వాన చినుకులకు తగిలి తిరిగి వస్తాయి. విశాఖపట్నంలో ఒకటి, మచిలీపట్నంలో ఒకటి ఇటువంటి రాడార్లు ఉన్నాయి. ద్రాక్షారామం ఈ రెంటికీ మధ్య ఉంది. రెంటికీ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలోనే ఉంది. భూమి గుండ్రం, తరంగాలు పోయేది దాదాపు తిన్నగా. అంచేత ఇక్కడికి వచ్చేసరికి ఆ తరంగాలు నేలకు కిలోమీటరుకు పైగా ఎత్తులో పోతుంటాయి. పైనున్న మబ్బు వాటికి కనిపిస్తుంది. దాని కింద మీ తల మీద పడుతున్న చినుకు కనిపించదు.

అయినా రాబోయే రెండు మూడు గంటల మాట చెప్పటానికి రాడార్ చాలా మేలు. అందుకే నిన్న సాయంత్రం చెప్పిన సూచన కంటే బడి వదిలే ముందు చూసిన సూచన నమ్మదగ్గది. సూచనకు కూడా పాల ప్యాకెట్టుకు ఉన్నట్టే గడువు ఉంటుంది!

మూడంకెలు మింగిన కథ

గళ్ళు చిన్నవి చేసుకుంటూ పోతే, రాడార్లు పెంచుకుంటూ పోతే ఎప్పటికైనా నెల రోజుల ముందే "ఫలానా రోజు సాయంత్రం 4:45కి మీ వీధిలో వాన" అని చెప్పగలరా? చెప్పలేరని తెలిసిన కథ చాలా తమాషాగా ఉంటుంది.

1961లో అమెరికాలోని మాసచ్యూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో ఒక బొమ్మ వాతావరణం తయారుచేసుకున్నాడు. కొన్ని సమీకరణాలు, కొన్ని అంకెలు, అంతే. ఒకరోజున పాత లెక్కను కాస్త పొడిగించి చూడాలనిపించింది. మొదటినుంచీ మళ్ళీ ఎందుకని, మధ్యలో అచ్చయిన అంకెలనే తీసుకుని కంప్యూటర్‌కు ఇచ్చి, కాఫీ తాగటానికి వెళ్ళాడు. గంట తరవాత వచ్చి చూస్తే కొత్త లెక్కకూ పాత లెక్కకూ పోలికే లేదు!

యంత్రం పాడయిందేమో అనుకున్నాడు. యంత్రం బాగానే ఉంది. కంప్యూటర్ తన కడుపులో 0.506127 అని ఆరంకెలు ఉంచుకుని, కాగితం మీద మాత్రం 0.506 అని మూడే అచ్చువేసింది. లోరెంజ్ ఆ మూడే తిరిగి ఇచ్చాడు. తేడా ఎంత? నాలుగువేలలో ఒక వంతు! ఆ కాస్త తేడా మొదట్లో కనిపించలేదు. రోజులు గడిచినకొద్దీ రెట్టింపు, దానికి రెట్టింపు అయి చివరికి మొత్తం వాతావరణాన్నే మార్చేసింది. ఈ సంగతిని ఆయన 1963లో ప్రచురించాడు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ఇవాళ్టి గాలిని ఎంత జాగ్రత్తగా కొలిచినా ఎక్కడో ఒకచోట కొద్ది తేడా మిగలక తప్పదు. సముద్రం మీద కొలిచే కేంద్రాలు తక్కువ. మనకు వానలు వచ్చేది ఆ సముద్రం మీదినుంచే! ఆ తేడా పెరిగి పెరిగి సుమారు రెండు వారాలు గడిచేసరికి రోజువారీ సూచనకు విలువ లేకుండా చేస్తుంది.

శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఒకే లెక్కను, మొదటి అంకెలను కొద్దికొద్దిగా మారుస్తూ, అనేకసార్లు చేస్తారు. మన దేశంలో ఇలా 21 సార్లు చేసే పద్ధతి 2018లో వచ్చింది. 21 లెక్కల్లో 20 వాన అంటే వాన మీద గట్టి నమ్మకం. 7 మాత్రమే అంటే మూడింట ఒక వంతు అవకాశం. ఫోన్లో "వాన 30 శాతం" అని చూస్తారే, అటువంటి అంకెలు ఇలాంటి లెక్కల్లోంచే పుడతాయి. 30 శాతం అంటే ఊళ్ళో మూడో వంతు భాగంలో పడుతుందని కాదు, ఎనిమిది గంటలు కురుస్తుందనీ కాదు. ఇలా చెప్పిన రోజులు పది ఉంటే సుమారు మూడు రోజులు వాన పడుతుందని అర్థం. మిగతా ఏడు రోజులు పడకపోవటం కూడా ఆ సూచనలో భాగమే.

చిలక జోస్యం చెప్పినా నూటికి తొంభై

సరే. అయితే సూచన మంచిదో చెడ్డదో తేల్చేదెట్లా? "నూటికి ఎన్నిసార్లు నిజమయిందో చూస్తే సరి" అంటారు మీరు. అక్కడే ఒక బోల్తా ఉంది.

1884లో అమెరికాలో ఫిన్లీ అనే సైనికోద్యోగి టోర్నడోలను ముందుగా చెప్పటానికి ప్రయత్నించాడు. టోర్నడో అంటే నేలను తాకే భయంకరమైన సుడిగాలి. ఆయన చెప్పిన సూచనలు మొత్తం 2,803. వాటిలో 96.6 శాతం నిజమయ్యాయి. గొప్పే గదా! కాని గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ అంకెలు చూసి, "టోర్నడో రాదు" అని రోజూ కళ్ళు మూసుకుని చెప్పినవాడికి 98.2 శాతం వస్తాయని తేల్చాడు.

ఎలాగంటే, ఫిన్లీ వస్తుందన్నవి 100. అందులో వచ్చినవి 28, రానివి 72. రాదన్నవి 2,703. అందులో చెప్పకుండా వచ్చినవి 23, నిజంగానే రానివి 2,680. ఆయన మార్కులు దాదాపు అన్నీ ఆ 2,680 లోంచే వచ్చాయి. టోర్నడోలు రావటమే అరుదు కాబట్టి "రాదు" అన్నవాడికి మార్కులు ఊరికే వస్తాయి.

మన ఊళ్ళో జోస్యం చెప్పే చిలకను ఫిబ్రవరి నెలంతా "ఇవాళ వాన లేదు" అన్న కార్డే తియ్యమంటే దానికి కూడా నూటికి తొంభై పైన మార్కులు రావచ్చు. అంతమాత్రాన చిలకను వాతావరణ శాఖలో చేర్చుకోం గదా!

అంచేత తెలుసుకోవలసింది ఇది: తప్పులు రెండు రకాలు. వస్తుందని చెబితే రాకపోవటం ఒకటి. చెప్పకుండా రావటం ఒకటి. రెంటినీ ఒకే గాటకు కట్టకూడదు. మొదటి తప్పుకు మీరు పొడి రెయిన్‌కోటు మోసుకుని ఇంటికి వస్తారు. రెండో తప్పుకు పుస్తకాలు తడుస్తాయి.

రెయిన్‌కోటు లెక్క

ఈ రెండు తప్పులకూ ధర కట్టి చూడండి. రెయిన్‌కోటు మోసే చిరాకుకు 1 పాయింటు. పుస్తకాలు తడిస్తే 5 పాయింట్లు. వాన 30 శాతం అన్న పది రోజులు తీసుకోండి. రోజూ కోటు మోస్తే నష్టం 10. అసలు మొయ్యకపోతే మూడు రోజులు తడుస్తారు, నష్టం 15. మోయటమే లాభం. వాన 10 శాతం అన్న పది రోజుల్లో? మోస్తే నష్టం 10, మొయ్యకపోతే ఒక్కరోజు తడిసి 5. ఇంట్లో వదిలెయ్యటమే లాభం.

లాభనష్టాలు సరిసమానమయ్యేది ఎక్కడ? 1ని 5తో భాగిస్తే వచ్చే 20 శాతం దగ్గర. పరీక్షల రోజుల్లో సంచిలో నోట్సులన్నీ ఉన్నాయనుకోండి, తడిస్తే నష్టం 20 అనుకోండి. అప్పుడు 5 శాతం అవకాశం దాటినా కోటు తీసుకెళ్ళవలసిందే. సూచన అదే, ఆకాశం అదే. మారింది మీ సంచిలోని సరుకు!

తుఫాను మాట వేరు

ఈ లెక్కను ఇప్పుడు తుఫానుకు వర్తింపజేద్దాం. ఇక్కడ ఒక పక్కన ఉన్నది ఒక రాత్రి ఇల్లు వదిలి పునరావాస కేంద్రంలో పడుకునే ఇబ్బంది. రెండో పక్కన ఉన్నది ప్రాణం. దానికి ఎన్ని పాయింట్లు వేస్తారు? ఎన్ని వేసినా చాలవు. అంచేత అవకాశం తక్కువగా ఉన్నా కదలటమే సరైన లెక్క.

ద్రాక్షారామానికి తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కోరింగ ఉంది. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లోనూ 1839లోనూ తుఫానులు తెచ్చిన ఉప్పెనలు ఆ రేవును ముంచెత్తాయి. తుఫానుకు ఇంగ్లీషులో "సైక్లోన్" అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండి బంగాళాఖాతం తుఫానులను పరిశీలించినవాడే. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు తీసి, 1848లో అచ్చయిన తన పుస్తకంలో వాడాడు. ఆయన రాతల్లో కోరింగ ప్రసక్తి ఉంది. ఇవాళ ప్రపంచమంతా వాడే మాట పుట్టుకకు మన తీరపు కష్టంతో సంబంధం ఉందన్నమాట.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో వేలమంది చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి ఒక తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా మరణించారు. కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. ఆ రాత్రి సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

మరి 2013 నవంబరులో? "లెహర్" అనే తుఫాను మన తీరం వైపే వచ్చింది. సముద్రంలో ఉండగా అతి తీవ్రమైన తుఫాను. వేలాదిమందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. తీరా మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి అది వట్టి వాయుగుండం! దారిలో పొడిగాలి చొరబడి, పైగాలులు అడ్డం తిరిగి దాని బలం తీసేశాయి. "అనవసరంగా తరలించారు" అని గొణిగినవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళకు మీరు రెయిన్‌కోటు లెక్క చెప్పండి.

పైగా తుఫాను సూచనకూ జల్లుల సూచనకూ పెద్ద తేడా ఉంది. జల్లు కురిపించే మబ్బు కొద్ది కిలోమీటర్లు. తుఫాను వందల కిలోమీటర్లు. అది ఏ గడిలోంచీ జారిపోదు. ఉపగ్రహాల కళ్ళు రోజుల తరబడి దాని మీదే ఉంటాయి. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం కూడా ఉంది. అయినా 24 గంటల ముందు చెప్పిన చోటుకూ తుఫాను నిజంగా చేరే చోటుకూ పదుల కిలోమీటర్ల తేడా ఉండవచ్చు. అందుకే తీరం పొడుగునా హెచ్చరిస్తారు. తుఫాను ఒకచోటే దాటుతుంది. మిగతా ఊళ్ళవాళ్ళు "రాలేదు" అంటారు. వాళ్ళ ఊరు అదృష్టవశాత్తూ తప్పించుకున్నదే కాని హెచ్చరిక అబద్ధం కాదు.

"కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వింటారు గదా. ఆ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉన్నాయి. అవి ఓడలవాళ్ళ కోసం. 11వ నంబరు అన్నిటికంటే చిత్రమైనది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం! మనకోసం రంగులున్నాయి. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి. ఎరుపు రోజున సైకిలు చావిట్లోనే ఉండాలి.

జల్లు మూడుసార్లు రాలేదని అలవాటుపడి నాలుగోసారి తుఫాను హెచ్చరికను కూడా నవ్వి వదిలెయ్యటం, ఇదీ అసలు ప్రమాదం.

సైకిలు మీద ఉండగా

మీరు బయల్దేరాక ఉరుము వినిపించిందనుకోండి. మెరుపు కనపడగానే సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడిక సూచన ఏం చెప్పిందని ఆలోచించకండి. చేల మధ్య రోడ్డు మీద అందరికంటే ఎత్తుగా ఉన్నది మీరే! టైర్లు రబ్బరువి కదా, ఏం కాదులే అనుకోవద్దు. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చే పిడుగుకు రెండంగుళాల రబ్బరు ఒక లెక్కా? కొబ్బరిచెట్టు కిందకు, తాటిచెట్టు కిందకు అసలు పోవద్దు. దగ్గరలో ఉన్న పక్కా ఇంట్లోకో, బడిలోకో వెళ్ళి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయల్దేరండి.

గాలి సంగతి కూడా చూడండి. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి కూడా గంటకు 15 కిలోమీటర్లుంటే మీకు తగిలే గాలి 30. వేగం రెట్టింపయితే గాలి ఆపే బలం నాలుగింతలవుతుంది! "ఈదురుగాలులు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు" అన్న రోజున తొక్కటం మాట అటుంచి, పక్కనుంచి కొట్టిన గాలి మిమ్మల్ని కాలువ వైపు నెట్టగలదు. దిగి నడిపించుకుపోండి. వానలో చక్రం అంచు తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది, సైకిలు ఆగటానికి ఎక్కువ దూరం పడుతుంది. అంచేత బ్రేకు ముందుగానే, మెల్లగా పట్టండి.

మీరు చేసి చూడండి

ఇక మిగిలింది కొలవటం. అడ్డంగా నొక్కులు లేకుండా తిన్నగా ఉన్న పెద్ద ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మూతి వైపు భాగం కోసి, తలకిందులుగా అదే సీసాలో గరాటులాగా దూర్చండి. అడుగున గతుకులుంటాయి కాబట్టి, పక్కలు తిన్నగా మొదలయ్యే చోటి దాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గియ్యండి. పైకి మిల్లీమీటర్ల స్కేలు అంటించండి. వాన కొలిచే సాధనం సిద్ధం! చెట్లకూ చూరుకూ దూరంగా, పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి. రోజూ ఉదయం 8:30కి చూసి రాసుకుని, నీళ్ళు మళ్ళీ సున్నా గీతకు తెండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్ళు. మీ డాబా మీద ఎన్ని బిందెల వాన పడిందో లెక్కకట్టవచ్చు.

ఒక నోటుబుక్కులో నాలుగు గళ్ళు గియ్యండి: చెప్పారు, వచ్చింది; చెప్పారు, రాలేదు; చెప్పలేదు, వచ్చింది; చెప్పలేదు, రాలేదు. రోజూ ఒక గడిలో ఒక గీత. 2.5 మిల్లీమీటర్లు పడితేనే "వచ్చింది".

అరవై రోజులయ్యాక, మాటవరసకు, ఆ గళ్ళలో 14, 10, 4, 32 ఉన్నాయనుకోండి. సూచన సరిపోయినవి 14, 32 కలిపి 46 రోజులు, అంటే నూటికి 77. "రోజూ వాన లేదు" అనే చిలకకు 42 రోజులు, నూటికి 70. తేడా కొంచెమే అనిపిస్తుంది. కాని వాన వచ్చిన 18 రోజుల్లో 14 రోజులు సూచన మిమ్మల్ని ముందే హెచ్చరించింది. చిలక ఒక్కరోజు కూడా హెచ్చరించలేదు!

మీ స్నేహితులు ఒకరు రామచంద్రపురంలో, ఒకరు కోటిపల్లిలో, ఒకరు యానాంలో ఉంటే నలుగురూ సీసాలు పెట్టండి. ఒకే రోజున నాలుగు ఊళ్ళలో నాలుగు రకాల వాన మీకే కనిపిస్తుంది. జూన్ నుంచి డిసెంబరు దాకా, రెండు రుతుపవనాల కాలమూ చేస్తే మరీ మంచిది. ఏ నెలలో సూచన బాగా సరిపోతున్నది? ఏ నెలలో తప్పుతున్నది? నిన్నటి సూచన మేలా, ఇవాళ్టిదా? ఆ నోటుబుక్కు నిండేసరికి, ఎంత శాతం వానకు రెయిన్‌కోటు సంచిలో పెట్టాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇకమీదట ఎవరైనా "తిరగేసుకుంటే సరిపోతుంది" అన్నారంటే, మీ నాలుగు గళ్ళూ తిరగేసి లెక్కపెట్టి, ఎన్ని మార్కులు వస్తాయో చూపించండి.